గుఱ్ఱమునకు తగిన కళ్ళెము

“నోటికి కళ్ళెము వేసికొనుము” అని పెద్దలు పిల్లలను మందలించుట మనము వినుచునే యుందుము. కోరికలకు కళ్ళెము, కోపమునకు కళ్ళెము, పెరుగుచున్న ధరలకు కళ్ళెము – ఈ మాట మన భాషలో ఎక్కడ వచ్చినను అణచుట అను అర్థమే స్ఫురించును. గుఱ్ఱమును ఎన్నడును ఎక్కనివారు సైతము కళ్ళెము అనగా బలమైన జంతువును బలవంతముగా నిలుపు ఇనుపముక్క యని తలచుటకు ఈ వాడుకయే కారణము. గుఱ్ఱమునెక్కువారిలోను ఈ భావము లేకపోలేదు. గుఱ్ఱము ఆగకున్నచో ఇంకను గట్టి కళ్ళెము తెప్పించుట వారికి పరిపాటి. ఈ ప్రసంగములో మేము చెప్పదలచినది దీనికి విరుద్ధమైన సంగతి. కళ్ళెము వలన గుఱ్ఱమునకు కలుగవలసినది సూచన. నొప్పి కలిగినచో సూచన నశించును. కనుక కళ్ళెము నెన్నుకొనువాడు మొదట తెలిసికొనవలసినది ఇనుమును గూర్చి కాదు, గుఱ్ఱపు నోటిని గూర్చి.

ఈ కాలమున గుఱ్ఱములు గలవారు మనలో ఎందఱు అని శ్రోతలు అడుగవచ్చును. ఒకప్పుడు మన పట్టణములలో రైలు దిగిన ప్రతి ప్రయాణికుని కొఱకు జట్కాబండి కాచుకొని యుండెడిది. ఆ దినములు గడచినవి. అయినను గుఱ్ఱము మన నడుమనుండి పోలేదు. హైదరాబాదులో మలకపేట పందెపు మైదానము కలదు. అదే నగరములోని జాతీయ పోలీసు అకాడమీలో శిక్షణ పొందు అధికారులకు గుఱ్ఱపుస్వారి నేర్పుచున్నారు. స్వారి నేర్పు సంఘములు పట్టణములలో వెలసినవి. పెండ్లి ఊరేగింపులలో వరుడు గుఱ్ఱమునెక్కుచున్నాడు. సముద్రతీరమునకు పోయినచో పిల్లవాడు గుఱ్ఱమునెక్కెదనని మారాము చేయును. తండ్రి డబ్బు చెల్లించి ఎక్కించును. గుఱ్ఱమును కొననివాడు కూడ ఏదో ఒకనాడు దానిని బాడుగకు తీసికొనుచున్నాడు. అట్టి వేళ ఆ జంతువు నోటిలో ఏమున్నదో చూడగలుగుట ప్రతి గృహస్థునకును ఉపయోగించు విద్యయే.

కళ్ళెమునకు చాల ప్రాచీనమైన చరిత్ర కలదు. అమరకోశములో దీనికి కవిక, ఖలీనము అను పేర్లు కనిపించును. ఇందు ఖలీనమను మాట గ్రీకుభాషలోని ఖలినోస్ అను పదమునుండి మనకు వచ్చినదని భాషావేత్తలు చెప్పుదురు. గ్రీకు సేనాని క్సెనొఫోను క్రీస్తుపూర్వము 4వ శతాబ్దములో అశ్వారోహణమును గూర్చి ఒక చిన్న గ్రంథము వ్రాసెను. రౌతు వద్ద కనీసము రెండు కళ్ళెములు ఉండవలెననియు, వానిలో ఒకటి నునుపుగాను, రెండవది కరుకుగాను ఉండవలెననియు అతడు చెప్పెను. అతుకులు లేక కొయ్యబాఱిన కళ్ళెమును గుఱ్ఱము ఎక్కడ కఱచినను మొత్తము పట్టినట్లే యగుననియు, కీళ్ళతో కదలునట్టి దానిని అట్లు పట్టజాలదనియు అతడు చేసిన పరిశీలన నేటికిని చెల్లుచున్నది.

మన దేశపు కళ్ళెములను గూర్చి ఆరియను అను గ్రీకు రచయిత ఇండికా అను గ్రంథములో వర్ణించెను. భారతీయులు గుఱ్ఱపు మూతికి చుట్టును పచ్చితోలు పట్టెను కట్టుదురనియు, దానిలోపలి వైపున కంచువో ఇనుపవో మొనలు, అంత వాడిగానివి, అమర్చుదురనియు, ధనవంతులు దంతముతో చేసినవి వాడుదురనియు అతడు వ్రాసెను. నోటిలో ఒక ఇనుపచువ్వ యుండును. పగ్గములు దానికి తగిలించి యుండును. పగ్గము లాగినపుడు చువ్వ నోటిని పట్టును, మొనలు మూతిని గ్రుచ్చును. రెండువేల సంవత్సరములకు పైబడిన ఈ వర్ణనను చదివి, మన నాట నేటికిని అక్కడక్కడ కానవచ్చు ముండ్ల కళ్ళెమును చూచినచో, ఇంతకాలము గడచియు ఈ ఒక్క విషయమున మనము ఎంత కొంచెము కదలితిమో తెలియును. అశ్వములను గూర్చిన జ్ఞానము మనకు కొఱతపడలేదు. శాలిహోత్రుని పేర, నకులుని పేర సంస్కృతములో అశ్వశాస్త్రములు కలవు. తెలుగులో మనుమంచి భట్టు అశ్వలక్షణములను పద్యరూపమున రచించెను. కొఱతపడినది ఆ జ్ఞానము లాయము దాక చేరుట.

ఇక గుఱ్ఱపు నోటిని చూతము. పెద్దదైన గుఱ్ఱమునకు ముందువైపున పైన ఆఱు, క్రింద ఆఱు పళ్ళుండును. ఇవి గడ్డిని కొఱుకునవి. దవడల వెనుక భాగమున దాణాను నమలు పళ్ళు 24 ఉండును. మగ గుఱ్ఱమునకు ఈ రెండింటి నడుమ నాలుగు కోరలు కూడ మొలచును. ఆడు గుఱ్ఱమునకు ఇవి సాధారణముగా ఉండవు, ఉన్నను చిన్నవి. ఈ విధముగా మగదానికి 40, ఆడుదానికి 36 పళ్ళు లెక్కకు వచ్చును. ముందరి పళ్ళకును నమలు పళ్ళకును నడుమ రెండు ప్రక్కలను పళ్ళు లేని ఖాళీ చోటు కలదు. మనుష్యుడు గుఱ్ఱమునకు కళ్ళెము వేయగలుగుటకు ప్రకృతి విడిచిన ఈ ఖాళీయే ఆధారము.

అయితే ఆ చోటు కళ్ళెము కొఱకై యేర్పడినది కాదు. క్రింది దవడ యెముక అక్కడ పలుచని అంచు వలె నుండును. దానిపైన కండ లేదు, కొవ్వు లేదు. పలుచని చిగురుపొర మాత్రమే కప్పియుండును. మన మోకాలి క్రింద ముందువైపున ఉండు ఎముకను వ్రేలితో ఒత్తి చూచుకొన్నచో ఆ చోటు ఎంత సున్నితమో ఊహింపవచ్చును. ఆ రెండు అంచుల నడుమ నాలుక పఱచుకొని యుండును, పైన అంగిలి. నోరు మూసికొన్నపుడు నాలుకయే ఆ లోపలి చోటునంతయు నింపివేయును. హిలరీ క్లేటన్ అను పశువైద్య శాస్త్రజ్ఞురాలు 1980ల నుండి గుఱ్ఱపు నోటిలోని కళ్ళెమును ఎక్స్‌రే చిత్రములతో పరిశీలించి, లోపల ఖాళీ దాదాపు లేదనియు, ఇనుము నాలుకలోనికి అదుముకొనియే యుండుననియు చూపెను. కావున కళ్ళెము నోటిలో వ్రేలాడు వస్తువు కాదు. పగ్గము లాగకున్నను అది నాలుకపై కూర్చుండియే యుండును.

వీనికి తోడు పెదవుల మూలలు, అనగా సెలవులు కలవు. ఇవి కూడ సున్నితమైనవే. కొన్ని కళ్ళెములు నోటికి వెలుపల కూడ పనిచేయును: గడ్డము క్రింది పల్లమున గొలుసుతోను, చెవుల వెనుక తలకట్టు పట్టెతోను ఒత్తును. నాలుక, దవడయంచు, అంగిలి, సెలవులు, గడ్డము, తల – ఈ ఆఱింటిలో ఏ కళ్ళెము వేనిని ఎంత ఒత్తునో చెప్పగలిగినవానికి కళ్ళెముల శాస్త్రములో ముఖ్యభాగము తెలిసినట్లే.

అంగడిలో కనిపించు కళ్ళెములకు పేర్లు అనేకము. చూచువానికి తల తిరుగును. కాని పనిచేయు తీరును బట్టి ఇవన్నియు రెండు కుటుంబములుగా విడిపోవును. మొదటిది స్నాఫిల్ అను సాదా కళ్ళెము. దీనిలో నోటి కమ్మికి రెండు చివరల రెండు వలయములుండును. పగ్గములు ఆ వలయములకే కట్టబడును. చేయి కిలో బరువుతో లాగినచో నోటికి ఆ కిలోయే చేరును. చేతికి నోటికి నడుమ వడ్డీ ఏమియు చేరదు. రెండవది కర్బ్ అను గొలుసు కళ్ళెము. దీనిలో నోటి కమ్మికి పైకిని క్రిందికిని రెండు కొమ్మలుండును. పైకొమ్మకు తలకట్టును, గడ్డము క్రిందినుండి పోవు గొలుసును తగిలించుదురు. పగ్గము క్రిందికొమ్మ చివర ఉండును. పగ్గము లాగినపుడు కమ్మి తిరుగును, గొలుసు బిగియును, క్రింది దవడ కమ్మికిని గొలుసుకును నడుమ అడకత్తెరలో పోకచెక్క వలె చిక్కుకొనును.

ఇందు లెక్క కూడ కలదు. పైకొమ్మ 5 సెంటీమీటర్లు, క్రిందికొమ్మ 10 సెంటీమీటర్లు ఉన్న కళ్ళెమును తీసికొందము. గొలుసు బిగిసిన తరువాత, కొమ్మకు అడ్డముగా పగ్గమును ఒక కిలో బరువుతో లాగినచో, గొలుసు గడ్డమును రెండు కిలోల బలముతో ఒత్తును. కమ్మి నాలుకను, దవడయంచును మూడు కిలోల బలముతో ఒత్తును. క్రిందికొమ్మ ఎంత పొడవైనచో ఈ వడ్డీ అంత హెచ్చును. పది కిలోల బలముతో లాగు మొఱటుచేయి ముప్పది కిలోలను ఆ పలుచని ఎముకమీద మోపుచున్నదన్నమాట. నిలుకడగల చేయి గల రౌతు ఈ కళ్ళెముతో చిటికెనవ్రేలిని కదలించి చెప్పవలసినది చెప్పగలడు. అట్టి చేయి లేనివానికి ఇది తగదు. ఈ ఒక్క లెక్కను గుర్తుంచుకొన్నచో ఎవరికి ఏ కళ్ళెమో చాలవఱకు తేలిపోవును.

ఈ రెండు కుటుంబములకు పుట్టిన మిశ్రమ రూపములు కొన్ని కలవు. ఒకే కమ్మికి వలయమును, కొమ్మను, గొలుసును అమర్చి రెండు జతల పగ్గములు కట్టునది పెల్హామ్. పోలో ఆటలో దీనిని తఱచుగా వాడుదురు. సాదా కళ్ళెమును, గొలుసు కళ్ళెమును వేర్వేరుగా రెండింటిని ఒకే నోట ఉంచునది జంట కళ్ళెము. ఇది ఉన్నత శిక్షణ పొందిన గుఱ్ఱమునకును, అంతకంటె ఉన్నత శిక్షణ పొందిన రౌతునకును మాత్రమే తగును. లాగినపుడు సెలవులను పైకీడ్చుచు తలపై ఒత్తునది గ్యాగ్. చివరకు నోటిలో ఏమియు లేక ముక్కుమీది పట్టెతోనే నడపు తలకట్టులును కలవు. నోరు గాయపడిన గుఱ్ఱమునకు ఇవి వరమువంటివి. అయితే నోరు ఖాళీగా నున్నంత మాత్రమున ఇవన్నియు మృదువైనవని తలపరాదు. కొమ్మలు, గొలుసు గల హాకమోర్ అను ముక్కుకట్టు కూడ మీదిలెక్క ప్రకారమే పనిచేయును. దానిని ముక్కుదూలపు గట్టి ఎముకపై ఉంచక క్రిందికి జార్చి కట్టినచో మెత్తని భాగమును నలిపి, శ్వాసకు అడ్డు తగులును. గుఱ్ఱము నోటితో గాలి పీల్చజాలదు. ముక్కు ఒక్కటే దానికి ప్రాణమార్గము.

సాదా కళ్ళెములోనే ఎన్నుకొనవలసినవి పెక్కు కలవు. కమ్మి అతుకు లేక నిలువుగా ఉండవచ్చును. నడుమ ఒక కీలుతో రెండు ముక్కలుగా ఉండవచ్చును. రెండు కీళ్ళతో, నడుమ చిన్న బిళ్ళతో మూడు ముక్కలుగా ఉండవచ్చును. నిలువుకమ్మి ఒత్తిడిని నాలుకపై పఱచును. కాని ఒక చేతి సూచనను మఱియొక చేతి సూచననుండి అంత స్పష్టముగా విడదీయదు. ఒక కీలు గలది మడతపడి ప్రక్కలను ఒత్తును. రెండు కీళ్ళది నాలుక చుట్టును వంగి కూర్చుండును. కావున మందమైన నాలుక గల గుఱ్ఱములు పెక్కు దీనిని సులభముగా అంగీకరించును. వలయములలోను భేదము కలదు. కమ్మి రంధ్రములో జారి తిరుగు వలయము కదలికను పెంచును, కాని సెలవి చర్మమును రంధ్రములో చిక్కించుకొని గిల్లు ప్రమాదము కలదు. కమ్మికి అతికిన గ్రుడ్డు ఆకారపు వలయమున ఆ భయము లేదు. చెంపకు నిలువుగా ఆను కడ్డీలు గలది నోటిలోనుండి ప్రక్కకు జారిపోదు. నేర్చుకొనుచున్న లేత గుఱ్ఱమునకు మలుపు తెలుపుటకు అది ఉపకరించును.

ఇక కమ్మి లావు. బావినుండి నీళ్ళు చేదువారికి ఈ సూక్ష్మము చెప్పనక్కరలేదు. సన్నని త్రాడు అరచేతిని కోయును. లావుపాటి చేంతాడు అదే బరువును బాధలేకుండ మోయించును. కళ్ళెములోను సన్నని కమ్మి కరుకు, లావైనది మృదువు అనుట మొత్తముమీద నిజమే. అంతర్జాతీయ అశ్వక్రీడా సమాఖ్య డ్రెసాజ్ పోటీలలో వాడు సాదా కళ్ళెపు కమ్మి పెద్ద గుఱ్ఱములకు 14 మిల్లీమీటర్లకు తక్కువ కారాదని నియమించినది. కాని లావు మితిమీఱరాదు. నోటిలో ఖాళీ లేదని మీద చెప్పితిమి. చిన్న నోటిలో, మందపు నాలుకమీద బొటనవ్రేలి లావు కమ్మిని ఉంచినచో గుఱ్ఱము నోరు మూసికొనజాలదు, ఉమ్మి మ్రింగజాలదు. మృదువని కొన్నది ముల్లై కూర్చుండును. అందుచేత కొనుటకు ముందు పెదవిని మెల్లగా ఎత్తి, పళ్ళు మూసియున్నపుడు ఆ ఖాళీచోట నాలుక ప్రక్కలకు ఉబికి వచ్చుచున్నదేమో చూడవలెను. ఉబికి వచ్చుచున్నచో మధ్యమమైన లావు గల, నాలుకకు చోటు విడుచు వంపు గల కమ్మిని ఎన్నుకొనవలెను.

వెడల్పును ఊహతో నిర్ణయింపరాదు. గుఱ్ఱపు ఎత్తును బట్టి నోటి వెడల్పు ఉండదు. మన కాఠియావాడీ, మార్వాడీ గుఱ్ఱములకు ముఖము సన్నగా నుండును. అంతే ఎత్తు గల వేఱొక జాతి గుఱ్ఱమునకు సరిపడినది వీనికి వదులు కావచ్చును. కొలుచుట కష్టము కాదు. శుభ్రమైన నూలుత్రాటిని కళ్ళెము ఉండుచోట నోటిలో ఉంచి, రెండు సెలవుల వద్ద గుర్తులు పెట్టి, ఆ గుర్తుల నడిమి దూరమును కొలవవలెను. తిరుగు వలయములు గలదైనచో ఆ కొలతకు రెండు ప్రక్కలను కలిపి సుమారు అరయంగుళము చేర్చవలెను. అతుకు వలయముల దానికి అంతకంటె తక్కువ చాలును. పెద్ద గుఱ్ఱములకు సాధారణముగా 5 నుండి 5½ అంగుళముల కళ్ళెములు సరిపడును. తట్టువలకు 4½ అంగుళములు గాని అంతకు లోపు గాని పట్టును. ఇఱుకైనది సెలవులను నొక్కి పుండ్లు చేయును. వెడల్పైనది ఇటునటు జారి, కీలు నడుమ నిలువక, ఒక ప్రక్క దవడను ఎక్కువగా ఒత్తును. మొదటి దోషము అందఱకును కనిపించును. రెండవది కనిపింపదు, కావున అదియే ఎక్కువ కాలము సాగును.

లోహమును గూర్చి క్లుప్తముగా చెప్పుదుము. తుప్పుపట్టని ఉక్కు మన్నికైనది, శుభ్రపఱచుటకు సులభమైనది. రాగి కలిసినవి, కావలెనని తుప్పు పట్టనిచ్చు మెత్తని ఇనుపవి ఉమ్మిని ఊరించునని కొందఱు ఇష్టపడుదురు. ఉమ్మి ఊరిన నోటిలో ఇనుము ఒరయదు గనుక అందు కొంత ప్రయోజనము కలదు. పైపూత గలవానిని విడిచిపెట్టుట మంచిది. పూత లేచిన అంచు కత్తివలె గీయును. రబ్బరుది మెత్తనిదే గాని నమలి కొఱికివేయు గుఱ్ఱము నోట ఎక్కువ దినములు నిలువదు. కొఱికిన చోట్ల కరుకు తేలును. ఏ కళ్ళెమునైనను వేయుటకు ముందు కీళ్ళవద్ద వ్రేలితో తడిమి చూడవలెను. అరిగిన కీలు చర్మమును గిల్లును.

అమర్చుటలో రెండు సంగతులు ముఖ్యము. సెలవుల వద్ద చర్మము ఒకటి రెండు మడతలు పడునట్లు ఉంచవలెనని పాత నియమము. దానిని త్రాసువలె నమ్మరాదు. పెదవి మందముగానున్న గుఱ్ఱమునకు మడత త్వరగా పడును, పలుచనైన దానికి ఆలస్యముగా పడును. కళ్ళెము సెలవులకు ఆని యుండవలెను, వానిని పైకి లాగి పట్టరాదు. మగ గుఱ్ఱమున కోరలకు తగులునంత క్రిందికి జాఱరాదు. గొలుసు కళ్ళెమున గొలుసు మెలికలు లేక గడ్డపు పల్లములో చదునుగా పరుండవలెను. కొమ్మ కొంత వెనుకకు తిరిగిన పిదప మాత్రమే బిగియవలెను. రెండవ సంగతి ముక్కుమీది పట్టె. గుఱ్ఱము నోరు తెఱచుచున్నదని దానిని బిగించి కట్టువారు కలరు. నోరు తెఱచుట బాధకు గుర్తు. ఏడ్చుచున్న పిల్లవాని నోటిని గుడ్డతో మూసినచో కడుపునొప్పి తగ్గదు. ముక్కుదూలమునకు పట్టెకు నడుమ రెండు వ్రేళ్ళు దూరునంత వదులుండవలెను.

ఇప్పుడు మొదట ప్రస్తావించిన విషయమునకు వత్తము. గుఱ్ఱము ఆగుట లేదు, తల ఎగురవేయుచున్నది, చేతిని లాగుకొని పోవుచున్నది. ఏమి చేయవలెను? గుఱ్ఱము వేటాడు జంతువు కాదు, వేటాడబడు జంతువు. నొప్పినుండి పారిపోవుట దాని స్వభావము. నోటిలో నొప్పి పుట్టినపుడు అది నొప్పినుండి పారిపోవుటకై పరుగెత్తును. రౌతు ఇంకను గట్టిగా లాగును, నొప్పి పెరుగును, పరుగు పెరుగును. అప్పుడు ఇంకను కరుకైన కళ్ళెము వేసినచో నాలుగు దినములు ఆగినట్లు కనిపించును. ఆ తరువాత చిగురుపొర క్రమముగా మొద్దుబాఱును. లేదా పుండు పడును. మొద్దుబాఱినచో ఇంకొక మెట్టు ఎక్కవలసి వచ్చును. “ఈ గుఱ్ఱము నోరు ఱాయి” అని రౌతు చెప్పుకొనుచుండును. ఏ గుఱ్ఱమును ఱాతినోటితో పుట్టదు. ఆ ఱాయిని మెట్టుమెట్టుగా చెక్కినది మనుష్యుని చేయి.

అందుచేత కళ్ళెము మార్చుటకు ముందు కారణమును వెదకవలెను. మొదట పళ్ళు. నమలు పళ్ళు అరుగుచున్నకొలది పైపళ్ళ వెలుపలి అంచులు చెంపలను, క్రిందిపళ్ళ లోపలి అంచులు నాలుకను గీయునట్లు వాడి తేలును. పశువైద్యుడు సంవత్సరమునకొకసారి పరీక్షించి ఆకురాయితో వానిని సరిచేయవలెను. నమలు పళ్ళ ముందు కొన్నింటికి చిన్న పళ్ళు మొలచును; ఇంగ్లీషువారు వీనిని తోడేలు పళ్ళందురు. కళ్ళెము వానికి తగిలినచో గుఱ్ఱము తల విదిలించును. రెండున్నర నుండి ఐదు సంవత్సరముల వయస్సు నడుమ పాలపళ్ళు ఊడి కొత్తవి వచ్చుచుండును; ఆ కాలమున నోరు నొప్పిగానుండుట సహజము. స్వారి నేర్పుట కూడ సరిగా ఆ వయస్సుననే జరుగును. పళ్ళు బాగుగ నున్నచో జీనును చూడవలెను. వెన్ను నొచ్చిన గుఱ్ఱము కూడ తలనే ఎగురవేయును. తరువాత దాణా: పని లేక కట్టివేసి బలమైన దాణా పెట్టినచో గుఱ్ఱము ఉఱకలు వేయుట కళ్ళెపు తప్పు కాదు. కట్టకడపట రౌతు తన చేతిని చూచుకొనవలెను. జీనుపై నిలుకడ లేనివాడు పడిపోకుండుటకు పగ్గమును పట్టుకొని వ్రేలాడును. వాని బరువును మోయుచున్నది ఆ పలుచని ఎముకయంచు. స్వారి నేర్చుకొనువానికి మొదట పగ్గములు ఇయ్యక, గురువు పొడవాటి త్రాటితో గుఱ్ఱమును త్రిప్పుచు కూర్చుండుట నేర్పు పద్ధతి ఇందుకే యేర్పడినది.

బాధ పైకి కనిపించునని కూడ నమ్మి యుండరాదు. ఫిన్లాండులో పందెపు బండిగుఱ్ఱములు 261ని పందెము ముగియగానే పరీక్షించి 2019లో ఫలితములు ప్రకటించిరి. నూటికి 84 గుఱ్ఱములకు కళ్ళెము తగులుచోట కొత్త గాయములు కనబడినవి. నోటి వెలుపలికి రక్తము కనిపించినవి మాత్రము బహు కొలది. అవి మంచి పోషణలోనున్న విలువైన గుఱ్ఱములు. యజమానులకు వానిపై ప్రేమ లేక కాదు. నోరు తెఱచి చూడలేదు, అంతే. కనుక వారమునకొకసారి పగటి వెలుగులో పెదవి నెత్తి సెలవుల లోపలి భాగమును, నాలుక అంచులను, దవడ ఖాళీచోటును చూచుట అలవాటు చేసికొనవలెను. బొటనవ్రేలితో ఆ ఎముకయంచును మెల్లగా తడిమినపుడు గుఱ్ఱము తల లాగుకొన్నచో అక్కడ నొప్పి కలదు. సెలవుల వద్ద వెండ్రుకలు తెల్లబడుట, చర్మము గట్టిపడుట పాత గాయములకు గుర్తులు. నాలుకను బయటికి చాపుట, పళ్ళు కొఱుకుట, తలను ఒకే ప్రక్కకు వంచుట, కళ్ళెము చూడగానే తల పైకెత్తి తప్పించుకొనుట – ఇవి గుఱ్ఱము నోరులేని మాటలతో చెప్పు ఫిర్యాదులు.

ముండ్ల కళ్ళెమును గూర్చి చెప్పక ఈ ప్రసంగమును ముగింపజాలము. బండిగుఱ్ఱములకును, ఊరేగింపు గుఱ్ఱములకును కమ్మికి మేకులవంటి మొనలు గల కళ్ళెములు వేయువారు మన దేశమున కలరు. జనసమ్మర్దములో, బాజాభజంత్రీల నడుమ, బాణసంచా మ్రోతలో గుఱ్ఱము బెదరకుండవలెనని వారి వాదము. బెదరిన జంతువునకు నొప్పి తోడైనచో జరుగునదేమో మీద చెప్పితిమి. ఇది క్రూరము మాత్రమే గాదు, చట్టవిరుద్ధము కూడ. జంతుహింసా నివారణ చట్టము 1960లో వచ్చినది. దాని ననుసరించి 1965లో బరువులు లాగు, మోయు జంతువులను గూర్చి చేసిన నియమములలో 8వది, ముండ్లు గాని బొడిపెలు గాని పొడుచుకొని వచ్చు భాగములు గాని గల కళ్ళెమును వాడరాదని స్పష్టముగా నిషేధించుచున్నది. పెండ్లికి గుఱ్ఱమును మాటలాడుకొనునపుడు బాజాల బేరముతోపాటు, కళ్ళెము నునుపైనదేనా యని ఒక్క మాట అడుగుట పెండ్లివారికి కష్టము కాదు. అడుగువారు నలుగురైనచో అమ్మువారు మారుదురు.

ఇంతకును ఏ కళ్ళెము కొనవలెనని అడుగువారికి మా సలహా ఇది. స్వారి నేర్చుకొనువారికిని, నేర్చుకొనుచున్న గుఱ్ఱమునకును నునుపైన, మధ్యమమైన లావు గల, రెండు కీళ్ళ సాదా కళ్ళెమును, అతుకు వలయములు గలదానిని, కొలిచి కొనుడు. దానితో గుఱ్ఱము నెమ్మదిగా నోరు కదలించుచు, తల నిలిపి, చిన్న సూచనకు ఆగుచున్నచో ఇంకొక కళ్ళెమును వెదుకవలదు. అట్లు కానిచో అంగడికి పోవుటకు ముందు పశువైద్యుని పిలువుడు. తరువాత జీను, దాణా, చేయి – ఈ వరుసను పరీక్షింపుడు. గొలుసు కళ్ళెమును మీ చేతి నిలుకడను ఎఱిగిన గురువు చెప్పినపుడు మాత్రమే తీసికొనుడు. కళ్ళెమును ప్రతిదినమును నీటితో కడిగి, ఆరిన నురుగు లేకుండ తుడువుడు. చలికాలపు ఉదయమున దానిని అరచేతులతో కొంచెము వెచ్చచేసి నోటికందింపుడు. పిల్లవానిని బాడుగగుఱ్ఱముపై ఎక్కించువారు అంతకుముందు ఒక్క నిమిషము దాని సెలవులవైపు చూడుడు. అక్కడ పుండు కనిపించినచో ఆనాటికి ఆ స్వారి మానుకొనుట పిల్లవాని క్షేమమునకును మంచిది. ఎందుకు మానుకొంటిమో గుఱ్ఱపువానికి చెప్పి వచ్చుట గుఱ్ఱమునకు మంచిది.